ఒంటికి పడని గుడ్డ

పొదుపు లెక్కలు, అప్పుల వసూళ్లు ముందు పేజీల్లో ఉన్నాయి. ఈ నాలుగు పేజీల్లో ఒక జరిమానా సంగతి, దాని వెనకాల ఉన్న బట్టల చరిత్ర రాస్తున్నాం.

మన సంఘాల్లో ఒకదానిలో ఒక పెద్దామె ఉన్నారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి అందరం పిలిచినట్టే అప్ప అని రాస్తాం. ఆమె వరసగా నాలుగు సమావేశాలకు రాలేదు. కబురు పంపితే వస్తానంటారు, రారు. నియమం ప్రకారం సమావేశానికి పది రూపాయల చొప్పున నలభై రూపాయల జరిమానా రాశాం, వసూలు చేశాం. "మనవలొచ్చాక అప్పకి సంఘం లోకువైపోయింది" అని ఒకరిద్దరం అనుకున్నాం కూడా. ఐదోసారి పొదుపు డబ్బులకని ఇంటికెళితే, నడింట్లో గోడవైపు తిరిగి, చీర చెంగు ఒకటే వదులుగా కప్పుకుని కూర్చున్నారు. రవికె లేదు. మూడు నెలల కిందట ఎడమ వీపు నుంచి రొమ్ము కింద దాకా సర్పి లేచిందట. పొక్కులు మానాయి, మచ్చలు పలచబడ్డాయి, మంట మాత్రం పోలేదు. "గుడ్డ తగిల్తే సాలమ్మా, సురుక్కుమంతంది. నిప్పు రాసినట్టుంతది. రవికె లేకుండా నలుగుర్లోకి ఎలాగొస్తాను?" అన్నారు.

మేం ఇంటికి తిరిగొచ్చాం గానీ ఆ మాట వదల్లేదు. అడగడం మొదలుపెడితే ఒక్కో ఇంట్లో ఒక్కో కథ బయటపడింది. స్కూలు యూనిఫాం తొడగబోతే గోడకు తల కొట్టుకునే ఏడేళ్ల పిల్ల. అగనంపూడి కేన్సర్ ఆసుపత్రిలో కరెంటు వైద్యం చేయించుకుని వచ్చి, మెడ దగ్గర ఏ గుడ్డా ఓర్చుకోలేని వదిన. దీపావళికి కాలిన చెయ్యి మానినా చొక్కా చేతులు భరించలేని కుర్రాడు. వీళ్లలో ఎవరికీ పైకి పెద్దగా పుండు కనబడదు. అందుకే "పొగరు", "గారాబం", "వేషాలు" అన్న మాటలు పడ్డారు. అన్నవాళ్లలో మేమూ ఉన్నాం.

సర్పి సంగతి ముందు చెప్పుకోవాలి. దీన్ని కొందరు అక్కి అంటారు. చిన్నప్పుడు మనకు పోసిన ఆటలమ్మ ఉంది చూడండి, ఆ క్రిమి జబ్బు తగ్గినా ఒంట్లోంచి పోదు. నరాల మొదళ్లలో పడుకుని ఉంటుంది. వయసు మళ్లాకో, ఒంట్లో శక్తి తగ్గాకో ఎప్పుడో ఒకప్పుడు లేచి, ఒక నరం వెంబడి ఒంటికి ఒకే పక్కన పొక్కులై తేలుతుంది. పొక్కులు ఎండినా కొందరిలో ఆ నరం దెబ్బతిని ఉండిపోతుంది. అప్పుడు మెత్తటి గుడ్డ తగిలినా నరం దాన్ని కాలినట్టుగానే పైకి చెబుతుంది. నొప్పి నిజమైనదే, నటన కాదు. పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు డాక్టరు దగ్గర మందు మొదలుపెడితే మేలు ఎక్కువ. అప్ప ఆ మూడు రోజులూ కావిరాయి పూత వేయించుకుంటూ గడిపారు.

ఇలాంటి ఒంటికి ఏ గుడ్డ వేయాలో మన పెద్దవాళ్లకు తెలియదా అని ఆలోచిస్తే, తెలుసు. ఆ తెలిసినదాన్ని మనం మాటల్లో మిగుల్చుకుని చేతల్లో వదిలేశాం. "పొత్తిళ్లలో బిడ్డ" అంటాం. ఆ పొత్తిగుడ్డ ఎప్పుడూ కొత్తది కాదు. తాత కట్టి కట్టి చాకిరేవులో నలిగిన పంచె, అమ్మమ్మ పాత నూలు చీర. పుట్టిన బిడ్డకు కొత్త గుడ్డ పనికిరాదని, పురుడు వెళ్లేదాకా పాతదే చుట్టాలని మన ఇళ్లలో ఆచారం. దిష్టి అనో, ఆనవాయితీ అనో కారణాలు చెబుతారు గానీ, మా లెక్కలో అసలు కారణం వేలితో తడిమితే తెలుస్తుంది. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, నూలు పీచు నిక్కబొడుచుకుని ఉంటుంది. నూరుసార్లు ఉతికిన గుడ్డలో అవి రెండూ ఉండవు.

ఆటలమ్మ పోసినప్పుడూ అంతే. పలచని తెల్ల పంచె పరిచి పడుకోబెట్టి, గోళ్లతో గీరకుండా వేపరొబ్బతో నిమిరేవారు. కాలినవాళ్లను అరిటాకు మీద పడుకోబెట్టేవారు. గుడ్డయితే పుండుకు అతుక్కుంటుంది, తీసేటప్పుడు ప్రాణం పోయినంత పనవుతుంది. ఆకు నున్నగా ఉంటుంది, అతుక్కోదు. దీన్ని మోటు వైద్యం అని నవ్వక్కర్లేదు. ముంబయిలోని వైద్యులు కాలిన పుండ్లకు శుభ్రం చేసిన అరిటాకును కట్టుగా వాడి, రోగికి నొప్పి తక్కువగా ఉందని 2003లో వైద్య పత్రికలో రాశారు. వాళ్లు ఆకును క్రిములు లేకుండా చేసి వాడారు. మనం పెరట్లోంచి కోసి నేరుగా వేయకూడదు.

పాత చీరలు నాలుగు పొరలు వేసి కుట్టిన బొంత కూడా ఈ కోవదే. మన ముసలమ్మల్లో రవికె తొడగనివాళ్లను మనలో చాలామందిమి చూశాం. అప్పటి కట్టులో ఒంటికి పట్టి బిగిసేది తక్కువ. కుట్టు లేదు, హుక్కు లేదు, బొందు లేదు. చీర ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ వదులు చేసుకునేవారు. అది పేదరికం వల్ల వచ్చిన కట్టు కూడాను, దాన్ని పొగిడి మళ్లీ అలా ఉందామని మేం అనడం లేదు. సంగతి ఇలా ఉండేదని చెబుతున్నాం, అంతే.

మెత్తటి గుడ్డ గురించి రాస్తూ శ్రీకాకుళం జిల్లా పొందూరును దాటి వెళ్లలేం. మనకు దగ్గరదే. రాజకీయ నాయకుల ఖద్దరుగా, అక్కినేని నాగేశ్వరరావుగారి పంచెగా ఆ పేరు అందరికీ తెలుసు. ఆ మెత్తదనం ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం తక్కువమందికి తెలుసు. అది ఆడవాళ్ల చేతుల్లోంచి వచ్చింది.

పొందూరు వైపు కొండపత్తి, పునాసపత్తి అని నాటు రకాలు. గింజ చుట్టూ ఉన్న దూదిని మొదట వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడలో సూదుల్లాంటి సన్నటి పళ్లు వరసగా ఉంటాయి. ఇనుప దువ్వెనైతే పీచు తెగుతుంది, చేప పళ్లతో దువ్వితే పీచు తెగకుండా చెత్త, పొట్టి పీచు రాలిపోతాయి. ఆ తర్వాత గింజ తీయడం, చిన్న వింటితో ఏకడం, ఏకులు చుట్టడం, రాట్నం మీద వడకడం. ఇదంతా ఇంటి అరుగు మీద కూర్చుని ఆడవాళ్లు చేసే పని. మరలో పడి దెబ్బలు తినని పీచు కాబట్టి నూలులో జీవం ఉంటుంది. మిల్లు నూలు అంత బిగువుగా పురి ఉండదు కాబట్టి చెమట తొందరగా పీలుస్తుంది.

పొందూరు సన్న నూలు 100 నంబరు, ఆ పైన కూడా వడుకుతారు. నంబరు అంటే ఏమిటో మన కుట్టుపని సభ్యులు అడిగారు. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అంత నంబరు. 100 నంబరు నూలు ఒక పౌను, అంటే అరకిలో కూడా లేనిది, పొడుగు తీస్తే 76 కిలోమీటర్లు దాటుతుంది. అచ్యుతాపురంలో ఒక కొస పట్టుకుని విశాఖపట్నం వెళ్లి తిరిగొచ్చినంత దారం. గాంధీగారు ఆ నాణ్యం చూసి మెచ్చుకున్నారు. 1949లో అక్కడ సన్న ఖాదీ కార్మికుల సంఘం ఏర్పడింది. నేసినవాడికీ కట్టినవాడికీ పేరొచ్చింది. చేప దవడతో దూది దువ్వుతూ చూపు పోగొట్టుకున్న ముసలమ్మకు కూలి ఎప్పుడూ అంతంతే. ఆ పనికి ఇప్పుడు కోడళ్లు రావడం లేదంటే తప్పు పట్టలేం.

ఈ తీరం గుడ్డ ఒంటికి హాయి అన్న సంగతి మనకంటే ముందు సముద్రం అవతలివాళ్లు కనిపెట్టి డబ్బు చేసుకున్నారు. 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నం వచ్చారు. ఆ శతాబ్దంలోనే డచ్చివాళ్లు మన భీమిలిలో కొట్లు పెట్టారు. వాళ్లు కొన్నదాంట్లో ముఖ్యమైనది నూలు బట్ట. ఐరోపాలో అప్పటికి పైబట్ట ఉన్ని, లోబట్ట అవిసె నార. పేదవాళ్లకు రెండూ ముతకే. ఉన్ని గీరుకుంటుంది, నానబెట్టి ఉతకడం కష్టం. తేలికగా, ఎన్నిసార్లు ఉతికినా రంగు పోని పువ్వుల అద్దకం గుడ్డ మన తీరం నుంచి వెళ్లేసరికి అక్కడి ఆడవాళ్లు ఎగబడ్డారు. పనిమనిషి దగ్గర్నుంచి దొరసాని దాకా అదే కట్టారు.

తర్వాత జరిగింది తెలుసుకుంటే మనకు కోపం వస్తుంది. ఉన్ని, పట్టు నేసేవాళ్లకు పని పోయింది. 1719లో లండను వీధుల్లో ఆ నేతగాళ్లు గుంపులుగా తిరిగి, నూలు అద్దకం గౌను వేసుకుని కనబడ్డ ఆడదాన్నల్లా పట్టుకుని ఒంటిమీద గుడ్డ చించారు. సిరా, ఆమ్లం పోశారు. వాళ్ల కడుపుమంట అబద్ధం కాదు, ఆకలి నిజమే. చించింది మాత్రం ఆడవాళ్ల గుడ్డలు. 1721లో అక్కడి పార్లమెంటు అద్దకం నూలు గుడ్డ కట్టడమే నేరమని చట్టం చేసింది. ఆ నిషేధం 1774 దాకా ఉంది. ఏ గుడ్డ ఒంటికి హాయిగా ఉందో కట్టినవాళ్లకు తెలుసు. తీర్పు చెప్పింది మాత్రం వేరేవాళ్లు. మన అప్ప విషయంలో మేం చేసిందీ దీనికి మరీ దూరం కాదు.

ఇక మన ఇళ్లలోకి వద్దాం. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయనాల నుంచి ఒక దారం తీశారు. దానికి టెరిలీన్ అని పేరు పెట్టారు. ఇప్పుడు మనం పాలిస్టరు అంటున్నది అదే. 1960లు, 70లు వచ్చేసరికి టెరీన్, టెరికాటన్ పేర్లతో మన దేశంలో పాకింది. పెళ్లికొడుకు టెరికాటన్ చొక్కా అడిగే రోజులు వచ్చాయి. దాన్ని ఉత్తినే తిట్టడం మాకు ఇష్టం లేదు. గంజి పెట్టక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు, ముసురులో కూడా పూటకి ఆరిపోతుంది, ఐదేళ్లయినా చిరగదు. చెరువు గట్టున బండకేసి బాదే చాకిరీ ఎవరిదో వాళ్లకే తెలుసు దాని విలువ. మన తరం ఆడవాళ్ల నడుములు కొంతైనా నిలబడ్డాయంటే సింథటిక్ చీరకు అందులో వాటా ఉంది.

కానీ మనది సముద్రపు గాలి. ఉక్కపోత. వంద గ్రాముల పత్తి గుడ్డ గాలిలోని తేమనే ఏడెనిమిది గ్రాములు పట్టుకుంటుంది. అంతే పాలిస్టరు అర గ్రాము కూడా పట్టుకోదు. చెమట ఒంటిమీదే నిలిచి చెమటకాయలవుతుంది, ఆ తడి చర్మం మీద గుడ్డ ఒరుసుకుంటుంది. మునగపాక, అచ్యుతాపురం చెరుకు తోటల్లో పనిచేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చెరుకు ఆకు అంచు రంపంలా కోస్తుంది, నూగు ఒళ్లంతా దురద పెడుతుంది. అందుకే చీర మీద మగవాళ్ల ఫుల్లు చొక్కా తొడుక్కుని వెళతాం. ఆ చొక్కా టెరికాటన్‌దైతే ఆకు కోతకు ఆగుతుంది గానీ లోపల ఒళ్లు ఉడికిపోతుంది. పాత నూలు చొక్కా లోపల, మందంది పైన, అలా రెండు వేసుకునే అక్కలు ఉన్నారు. బరువైనా వాళ్లదే సరైన పద్ధతి.

పీచు ఒక్కటే కాదు, దానికి పట్టించినవి కూడా కరుస్తాయి. ముడతలు పడకుండా కొత్త గుడ్డకు ఫార్మాల్డిహైడ్ అనే మందు కలిసిన పూత వేస్తారు. కొత్త గుడ్డల మూట విప్పితే ముక్కుకు తగిలే ఘాటులో అదీ ఒకటి కావచ్చు. జపాను 1973లోనే చట్టం చేసి పసిపిల్లల బట్టల్లో అది ఉండకూడదంది. కొన్ని రంగులు ఇంకా ప్రమాదం. మన దేశం 1993లో 42 బెంజిడీన్ రంగులను, 1997లో మరో 70 అజో రంగులను నిషేధించింది. రవికె హుక్కులు, పిన్నీసులు, చవక గాజుల్లోని నికెల్ పడనివాళ్లకు అది తగిలిన చోటల్లా పొక్కులు. ఐరోపా దేశాలు 1994లో దానికి హద్దు పెట్టాయి. రవికె వెనకాల హుక్కు ఉన్న చోట మాత్రమే దురద వస్తోందని ఎవరైనా అంటే, గుడ్డను కాదు, హుక్కును అనుమానించండి. లోపలివైపు చిన్న నూలు గుడ్డ ముక్క అడ్డం కుడితే సరిపోతుంది, లేదా హుక్కు తీసేసి గుడ్డ బొందులు పెట్టుకోవచ్చు.

లంగా బొందు గురించి విడిగా చెప్పాలి. ఇది అందరికీ సంబంధించిన మాట. నడుం చుట్టూ నల్లటి గాడి మనలో ఎంతమందికి ఉందో లెక్కపెట్టక్కర్లేదు. బొంబాయి వైద్యులు ఖానోల్కర్, సూర్యాబాయి 1945లో పంచె బిగించి కట్టే చోట కొందరికి పుండు పడి కేన్సరుగా మారడం గురించి రాశారు. చీర కట్టేవాళ్లలోనూ అదే ఉందని తర్వాతివాళ్లు గుర్తించారు. 2024లో మహారాష్ట్రలోని వార్ధా, బీహారులోని మధుబని వైద్యులు కలిసి ఇద్దరు పెద్దామెల సంగతి రాశారు. అందులో ఒకామెకు డెబ్భై ఏళ్లు, నడుం పక్కన పుండు పద్దెనిమిది నెలలుగా మానలేదు. ఇది చాలా అరుదు, నల్లబడ్డ ప్రతి నడుమూ అలా అవదు, భయపడక్కర్లేదు. కానీ బొందు ఒరుసుకుని పుండు పడి నెలలు గడిచినా మానకపోతే పసుపు రాసుకుంటూ కూర్చోకుండా డాక్టరుకు చూపించాలి. సన్న తాడు తీసేసి మూడు వేళ్ల వెడల్పు పట్టీ వేసుకుంటే బరువు పరుచుకుంటుంది. రోజూ ఒకేచోట కట్టకుండా కాస్త పైకీ కిందికీ మారిస్తే ఒకేచోట ఒరుసుకోదు. ఇంట్లో ఉన్నప్పుడు వదులు చేసుకోవాలి. ఇంతకాలం ఎవరూ చెప్పలేదేం అని ఒక సభ్యురాలు అడిగింది. నడుం చూపించమని అడిగిన డాక్టరూ లేడు, చూపించిన మనమూ లేం.

ఇప్పుడు మన ఊరి సంగతి. 2000 తర్వాతి దశాబ్దంలో మన అచ్యుతాపురంలో శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ వాళ్లు వెయ్యి ఎకరాల్లో బట్టల నగరం పెట్టారు. వేలమంది ఆడపిల్లలు పొద్దున్నే బస్సులెక్కి అందులోకి వెళుతున్నారు. మన సభ్యుల ఇళ్లలో కూతురో కోడలో అక్కడ పనిచేయని ఇల్లు వెతుక్కోవాలి. విదేశాలకు వెళ్లే లోదుస్తులు అక్కడ కుడతారు. లోదుస్తులంటే రోజంతా చర్మానికి ఆనుకుని ఉండేవి. అందుకే కుట్టు ఎలా ఉంటే ఒరుసుకోదో ఆ పిల్లలకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఈ వ్యాసం కోసం వాళ్లలో కొందరిని ఇంటి దగ్గర కూర్చోబెట్టి అడిగాం.

వాళ్లు చెప్పిన మొదటి మాట కుట్టు గురించే. మామూలు కుట్టులో రెండు అంచులు కలిసి లోపలివైపు గట్టులా లేస్తాయి. ఆ గట్టు మీద ఓవర్‌లాక్ దారం, అది నైలాన్‌దైతే మరీ గుచ్చుకుంటుంది. ఫ్లాట్‌లాక్ కుట్టులో అంచులు ఒకదాని పక్కన ఒకటి చదునుగా పడుకుంటాయి, గట్టు ఉండదు. ఆ మిషను మన దగ్గర లేకపోతే గుడ్డ తిరగేసి కుట్టి గట్టు బయటికి వచ్చేలా పెట్టొచ్చు. చూడ్డానికి బాగోదు. లోపల వేసుకునేదాన్ని చూసేదెవరు?

రెండోది లేబులు. మెడ వెనకాల ఉండే ఆ చిన్న ముక్క ఎంత గుచ్చుకుంటుందో పిల్లలున్న తల్లులకు తెలుసు. అమెరికాలో హేన్స్ అనే కంపెనీ 2002లో లేబులు లేని బనియన్లు తెచ్చి, పేరును గుడ్డ మీదే వేడితో అచ్చు వేసి, అదే గొప్పగా చెప్పుకుని అమ్ముకుంది. అంతకుముందు దశాబ్దాల పాటు ఎంతమంది మెడలు గోక్కున్నారో మరి. లేబులు కత్తిరిస్తే మొదట్లో మిగిలే అంచు ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుందని, కత్తెర కాకుండా కుట్టు విప్పి మొత్తం తీయాలని మన పిల్లలు చెప్పారు. మూడోది ఇలాస్టిక్. నేరుగా చర్మానికి ఆనితే గాడి పడుతుంది. నూలు గుడ్డ గొట్టంలోకి ఎక్కించి వదులుగా పెట్టాలి.

స్కూలు యూనిఫాం పిల్ల దగ్గరికి వద్దాం. ఆ పిల్లకు చర్మ జబ్బు లేదు, నరం దెబ్బతినలేదు. మాటలు ఆలస్యంగా వచ్చాయి, పెద్ద చప్పుడు ఓర్చుకోదు, ఒకే గౌను రోజూ కావాలంటుంది. ఇలాంటి పిల్లల్లో కొందరికి మనకు తెలియని గరుకు కూడా గట్టిగా తెలుస్తుంది. అమెరికాలో పశుశాస్త్రం చెప్పే ఆచార్యురాలు టెంపుల్ గ్రాండిన్‌కు ఆటిజం ఉంది. చిన్నప్పుడు ఆదివారం చర్చికి వేసే గరుకు లంగాలు తనకు నరాల మీద గరుకు కాగితం రుద్దినట్టు ఉండేవని, ఇప్పటికీ కొత్త గుడ్డ చాలాసార్లు ఉతికాకే వేసుకుంటానని ఆమె రాశారు. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా చేరింది. మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి, పిల్లను అక్కడికి తీసుకెళ్లి చూపించాలి. ఆ తల్లి ఒక ఏడాదిపాటు పిల్లను కొట్టి యూనిఫాం తొడిగింది. అది చెబుతూ ఏడ్చింది. మేమేమీ అనలేదు. ఆ ఏడాదంతా "రెండు తగిలించు, అదే వేసుకుంటాది" అని సలహా ఇచ్చింది మనమే.

ఒక్క గుడ్డే అందరికీ పడుతుందని మాత్రం అనుకోకండి. మేం అలాగే అనుకుని పొరపాటు పడ్డాం. అప్పకు ముందు బాగా వదులైన నూలు జాకెట్టు కుట్టించాం. అది కదిలినప్పుడల్లా ఒంటిని రాసుకుని ఇంకా మంటెత్తింది. సర్పి నొప్పి ఉన్న కొందరికి గాలికి ఊగే గుడ్డ కంటే, నున్నగా కదలకుండా ఆనుకునేదే నయం. కేన్సర్ వైద్యం చేయించుకున్న వదినకు అది పనికిరాదు, ఆమెకు వదులుదే కావాలి. పిల్లకు నడుం దగ్గర బిగువు ఇష్టం, మెడ దగ్గర ఏదీ పనికిరాదు. అడిగి, తొడిగి చూసి, మార్చి కుట్టడం తప్ప వేరే దారి కనబడలేదు.

చివరికి అప్పకు కుదిరింది వాళ్లాయన పాత పంచె. ముందు వేడినీళ్లలో నానబెట్టి గంజి వదలగొట్టాం. సబ్బు మిగలకుండా నాలుగు నీళ్లలో జాడించాం, ఎందుకంటే మిగిలిన సబ్బు పొడి కూడా కరుస్తుంది. దాన్ని చేతుల్లేకుండా, ముందు తెరుచుకునేలా, కుట్లన్నీ బయటికి పెట్టి, హుక్కుల బదులు కుడిపక్కకు ముడి వచ్చేలా కంపెనీకి వెళ్లే ఒక పిల్ల ఆదివారం కూర్చుని కుట్టింది. పైట కూడా ఎడమ భుజం మీదికి రాకుండా, వాళ్లమ్మ కట్టినట్టు కుడిపైట వేశారు. స్కూలు పిల్ల యూనిఫాం లోపల తాత పంచె ముక్క అస్తరు వేశాం. ఇప్పుడు బడికి వెళుతోంది. కాలరు దగ్గర మాత్రం ఇంకా పేచీయే. కాలరు లేకుండా కుట్టొచ్చా అని బడిలో అడగాల్సి ఉంది.

అప్ప ఆ తర్వాతి సమావేశానికి వచ్చారు. జరిమానా వాపసు ఇవ్వాలని అందరం చేతులెత్తాం. లెక్కలు రాసే అమ్మాయి పుస్తకం తిరగేసి, జరిమానా వసూలుకు గడి ఉంది గానీ వాపసుకు లేదంది. చివరికి ఇతర ఖర్చుల కింద నలభై రూపాయలు రాసి చేతిలో పెట్టింది. అప్ప లెక్క చూసుకుని, ఆ రోజు ఆలస్యంగా వచ్చినందుకు అందులోంచి ఐదు రూపాయలు తీసి మళ్లీ బల్ల మీద పెట్టారు.